బిల్లు పుస్తకం

నాను మైకుసెట్టోణ్ణి బావూ.
టెక్కలి బస్టాండు ఎనకాల సందులో కొట్టు,
దుంగ కూర్మయ్య సౌండు సర్వీసు.
పెళ్ళికైనా పీనుక్కైనా
ముందు నా "అలో, అలో, మైక్ టెస్టింగ్",
తరవాతే ఆల నవ్వూ ఏడుపూ.

ఆవేళ బీలగట్టుపేటలో
బొగ్గు కరంటు మిల్లు గురించి జనం మాట ఇంటారంట.
ప్రజాభిప్రాయ సేకరణ.
అంత పొడుగు మాట బేనరు మీద పట్టక
రెండు వరసలు రాసినారు.
నాలుగు హారన్లు, రెండు బాక్సులు,
జనరేటరొకటి.
కరంటు మీద మీటింగు గదా,
ఆ ఊళ్ళో పగలు కరంటుండదు.

డాక్టర్ మహంతిగారు తెర మీద గాలిని సూపించినారు.
నీలం బాణాలు, ఎర్ర బాణాలు.
"మూడు నెలలు కొలిచాం. పొగ మీ ఊరి వైపు రాదు."
కుర్చీలు చప్పట్లు కొట్టినాయి.
బిరియానీ పేకెట్లు అప్పటికే లెక్కెట్టేసినారు.

సూరాడ దానమ్మ లేసింది.
కొంగు నడుంకి బిగించి,
మైకు పట్టుకోడం రాక గిన్నెలా పట్టుకుని,
"ఏ మూడు నెల్లు బావూ?"
"మార్చి, ఏప్రిల్, మే."
"మరి కార్తీకం?
ఈశాన్యం తిరిగితే ఆ పొగ మా నెత్తి మీదకే గదా.
మా ఎండుసేపలు ఆకాశంలో ఆరెయ్యాలా..."

టేజీ పక్కన బెండి గవరయ్య
రెండేళ్ళు కిందికి దించినాడు.
పొద్దున్నే జేబులో ఐదేలు పెట్టి
"సౌండు కొంచెం సూసుకో" అన్నాడు గదా, అదన్నమాట.

నా ఏళ్ళు నా మాట ఇన్లేదని సెప్పను.
ఇన్నాయి. బాగా ఇన్నాయి.
దానమ్మ నోరు కదులుతోంది,
హారన్లు మూగ.
ముందు వరసకి ఇనపడింది గానీ
ముందు వరసంతా ఆలే.

సాయంత్రం వైర్లు సుడుతుంటే
మహంతిగారు టీ గళాసుతో ఒచ్చి నా పక్కన కూకున్నారు.
"ఏడాది కొలుద్దామన్నానయ్యా.
మూడు నెలలకే డబ్బిచ్చారు."
మైకు ఆపేసి ఉంది.
ఆపినాను గదాని ఒకసారి సూసుకున్నారు కూడా.

నాలుగు నెల్లకి అదే గట్టు మీద
అవతల పార్టీ సభ.
"బొగ్గు వద్దు, బతుకు ముద్దు."
నాయకుడు గుండెలు బాదుకున్నాడు,
అప్పుడు మాత్రం గుబ్బ ఆకరికంటా తిప్పమన్నారు.
రాత్రి కొట్లో ఫోన్‌పే పెట్టె పలికింది:
"పద్దెనిమిది వేల రూపాయలు అందాయి."
ఎవరివో సూసినాను.
గవరయ్య అండ్ సన్స్.
ఆ పెట్టెకి గుబ్బ నేదు బావూ,
ఎవడు సెప్పినా తగ్గదు.

అలగని నాకు కరంటు ఒద్దని కాదు.
నా కూడే కరంటు.
తిత్లీ కొట్టి ఎల్లినాక చీకట్లో
జనరేటరు కాడ ఊరి ఫోన్లన్నీ
పిల్లకోళ్ళలా గుంపు కట్టిన్రోజులు మరిసిపోలేదు.
మా మునసమ్మకి నెబ్యులైజరు ఆడింది దాని మీదే.
కరంటు కావాల. ఎవడు కాదన్నాడు?
కార్తీకం గాలిని కూడా కొలవమంది దానమ్మ.
అంతే గదా.

మొన్న నవంబర్లో ఆవిడే ఒచ్చింది,
గంగమ్మ పూజకి సెట్టు కావాలని.
బేరం ఆడింది. రెండొందలు తగ్గించింది.
ఆనాటి ఊసు ఎత్తలేదు.
నానూ ఎత్తలేదు.
సేపల వాసన నోట్లు లెక్కెట్టి బిల్లు రాసినాను.
కార్బను కింద పడ్డ రెండో కాగితాలన్నీ,
ఆలవీ ఈలవీ,
నా పెట్లోనే ఉన్నాయి. ఎవరూ అడగలేదు.

తెల్లారగట్ట సరుగుడు గుంజకి హారను కట్టి
వైరు కలపలేదింకా,
బీడీ ఎలిగించినాను.
పుల్ల మూడుసార్లు ఆరిపోనాది.
సముద్రం మీద నుంచి ఈశాన్యపు గాలొచ్చి
హారను నోట్లో దూరి
ఊ... అంటంది,
మిల్లు కట్టే సోటు నుంచి తిన్నగా ఊరి మీదకి.
కరంటు నేదు. గుబ్బ నేదు.
సేతిలో బిల్లు పుస్తకం ఉంది గానీ
ఎవరి పేర రాయాలో తెలీక
అలగే నిలబడ్డాను.